పాకుండల పార్శిలు

2024 నవంబరు 4, సోమవారం

కార్తీకంలో మొదటి సోమవారం. తెల్లవారుజామున చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, మధ్యాహ్నం నుంచి పంచారామాల స్పెషల్ బస్సులవాళ్ళు. అమరావతి, భీమవరం, పాలకొల్లు చూసుకుని మన ద్రాక్షారామంలో దిగుతారు. సప్తగోదావరి నీళ్ళు నెత్తిన జల్లుకుని, భీమేశ్వరుణ్ణి కిందా పైనా రెండంతస్తుల్లో దర్శనం చేసుకుని, మాణిక్యాంబకు దణ్ణం పెట్టుకుని మళ్ళీ బస్సెక్కాలి. ఇంకా సామర్లకోట మిగిలే ఉంటుంది. వాళ్ళు మన ఊళ్ళో ఉండే ఆ కాసేపట్లోనే గుడి ముందు కొట్లవాళ్ళు నాలుగు డబ్బులు చూసుకోవాలి.

సాయంత్రం కాఫీ ఇస్తూ కోడలు నెమ్మదిగా కదిపింది. "మావయ్యగారూ, పాకుండలు ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకుంటున్నానండి. అత్తయ్యగారు చేస్తానన్నారు. పార్శిళ్ళ సంగతి మీరు చూసుకోవాలి. పోస్టాఫీసులో చేశారు కదా!"

రిటైరై ఆరేళ్ళయింది. మళ్ళీ పార్శిళ్ళు! "ఆలోచిద్దాంలే" అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచే "ఆయన ఆలోచించేలోపు సంక్రాంతి వెళ్ళిపోద్ది" అంది.

నవంబరు 6

తెలియని పనిలో వేలు పెట్టడం నాకు చేతకాదు. అందుకని కోడల్ని కూర్చోబెట్టి గంటసేపు చెప్పించుకున్నాను. బుర్రకెక్కింది రాసుకుంటున్నా.

కొట్టు అంటే పనులు నాలుగు. సరుకు చూపించడం, లెక్క రాయడం, డబ్బు పుచ్చుకోవడం, సరుకు అందించడం. మన వీధి చివరి కిరాణా కొట్లో నాలుగూ ఒక్క బల్ల మీద జరిగిపోతాయి. ఆన్‌లైన్ కొట్లో ఈ నాలుగూ నాలుగు ఊళ్ళలో, నలుగురి చేతుల మీద జరుగుతాయి. బొమ్మలూ ధరలూ ఎక్కడో ఒక సర్వర్‌లో ఉంటాయి. డబ్బు తీసుకునేవాడు ఇంకొకడు, పేమెంట్ గేట్‌వే అంటారు. కొన్నవాడు కార్డు నంబరు కొడితే గేట్‌వే బ్యాంకుని అడుగుతుంది, బ్యాంకు కొన్నవాడి ఫోనుకి ఓటీపీ పంపుతుంది, అది సరిపోతే గేట్‌వే కొట్టుకి "సరే" అని చెబుతుంది. డబ్బు మాత్రం అప్పుడే మన చేతికి రాదు. రెండు మూడు పనిరోజులు గేట్‌వే దగ్గరుండి వస్తుంది. మా మనియార్డరు కూడా ఇంతే. కట్టినవాడి పైసలు కౌంటర్లో ఉండిపోయేవి, కాగితం ఒక్కటే ప్రయాణం చేసేది.

నాలుగో పని కొరియరుది. అది మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నవంబరు 11, సోమవారం

రెండో సోమవారం. గుడి చుట్టూ నడుస్తుంటే విషయం బోధపడింది. ఆన్‌లైన్‌లో అమ్మడానికి దారులు రెండున్నాయని కోడలు చెప్పింది: పెద్ద ప్లాట్‌ఫారంలో చేరడం, లేదా సొంత వెబ్‌సైటు పెట్టుకోవడం. గుడి ముందు కొట్టు మొదటి దారి. జనాన్ని రప్పించే బాధ్యత భీమేశ్వరుడిది. కొట్టువాడు అద్దె కట్టి, పక్క కొట్టుతో పోటీ పడాలి. అంతే. మా సందులో అరుగు మీద అమ్ముకోవడం రెండో దారి. అద్దె లేదు, పోటీ లేదు, మనిషీ లేడు.

ప్లాట్‌ఫారం అన్నమాటకి మంచి ఉదాహరణ మన తెలుగువాడే. ఫణీంద్ర సామా 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్టు దొరక్క ఉండిపోయాడు. ఏ ఏజెంటు దగ్గర ఏ సీటు ఖాళీగా ఉందో చెప్పేవాడు లేకపోవడమే కారణమని తెలిసి, మరుసటి ఏడు స్నేహితులతో కలిసి రెడ్‌బస్ పెట్టాడు. ఒక్క బస్సు కొనలేదు. ఖాళీ సీటున్నవాణ్ణీ సీటు కావలసినవాణ్ణీ ఒకచోట కలిపి మధ్యలో కమీషను తీసుకున్నాడు. విదేశీ పెట్టుబడి ఉన్న అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి కంపెనీలు మన దేశంలో చట్టప్రకారం ఇలాగే ఉండాలట, తమ సొంత సరుకు నేరుగా వాడకందారుకు అమ్మకూడదు. కొట్టు వాళ్ళది, సరుకు మనలాంటి వాళ్ళది.

పెద్దాడు రాత్రి భోజనాల దగ్గర ఇంకో సంగతి చెప్పాడు. 2007 అక్టోబరులో బెంగళూరు కోరమంగలలోని ఒక ఫ్లాట్లో ఫ్లిప్‌కార్ట్ మొదలైతే, తొలి ఆర్డరు ఇచ్చింది మహబూబ్‌నగర్ మనిషి. జాన్ వుడ్ రాసిన పుస్తకం తెప్పించుకున్నాడట. పేరు, 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ది వరల్డ్'. బోణీ మనదే!

ఇద్దరూ, అంటే 1995లో అమెజానూ 2007లో వీళ్ళూ, పుస్తకాలతోనే ఎందుకు మొదలెట్టారా అని ఆలోచిస్తే పోస్టాఫీసు బుర్రకి వెంటనే తట్టింది. పుస్తకం పగలదు, పులియదు, చీమ పట్టదు. ఎక్కడ కొన్నా అదే పుస్తకం, దానికో నంబరు కూడా ఉంటుంది. పాకుండకు ఈ గుణాల్లో ఒక్కటీ లేదు.

నవంబరు 15, పౌర్ణమి

జ్వాలాతోరణం. ఇంకేమీ రాయను.

నవంబరు 19

కాగితాల రోజు. తినే సరుకు అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కావాలి. ఏటా 12 లక్షల లోపు వ్యాపారానికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషను చాలు. ఫీజు ఏడాదికి 100 రూపాయలు. 14 అంకెల నంబరు వస్తుంది, అది డబ్బా మీద ఉండాలి. దాంతోపాటు బరువు, ధర, తయారుచేసిన తేదీ, వేసిన దినుసులు, శాకాహారమని ఆకుపచ్చ చుక్క. "పాకుండలో మాంసం ఉంటుందని ఎవడనుకుంటాడే?" అంది మా ఆవిడ. చుక్క వేయక తప్పదు.

జీఎస్టీ దగ్గర కాసేపు తల పట్టుకున్నాం. మన రాష్ట్రంలో సరుకుల వ్యాపారం ఏడాదికి 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషను అక్కర్లేదు. కానీ చాలాకాలం పాటు, ప్లాట్‌ఫారంలో అమ్మేవాడు మాత్రం వంద రూపాయల సరుకు అమ్మినా జీఎస్టీ తీసుకోవలసిందే. 2023 అక్టోబరు 1 నుంచి సడలించారు. చిన్నవాళ్ళు పాన్ కార్డుతో జీఎస్టీ పోర్టల్లో ఒక ఎన్‌రోల్‌మెంటు నంబరు తెచ్చుకుంటే, ప్లాట్‌ఫారం ద్వారా సొంత రాష్ట్రంలో అమ్ముకోవచ్చు. పొలిమేర దాటకూడదు.

మా చిన్నాడు హైదరాబాదులో ఉంటాడు. వాడికి పాకుండలు పంపితే ప్రేమ. వాడి పక్కింటాయనకి అమ్మితే అంతర్రాష్ట్ర వాణిజ్యం! 2014 జూన్ 2కి ముందైతే ఈ ఇబ్బంది ఉండేది కాదని నేనంటే కోడలు "అప్పుడు జీఎస్టీయే లేదు కదండీ మావయ్యగారూ" అంది. నిజమే, అది 2017లో వచ్చింది.

ప్రస్తుతానికి ఆంధ్రా వరకే. సంక్రాంతి చూశాక జీఎస్టీ మాట.

నవంబరు 27

సరుకు "పెట్టాం". లిస్టింగ్ అంటారు. అరటాకు మీద పాకుండలు పోసి, కిటికీ వెలుగులో మనవడు ఫోటోలు తీశాడు. ప్లాట్‌ఫారంవాళ్ళకి ఆకూ గీకూ వద్దట, మొదటి ఫోటో వెనక తెల్లగా ఉండాలి. దుప్పటి పరిచి మళ్ళీ తీశాడు. ఒక్కో రకానికీ మన లెక్క కోసం ఒక గుర్తు ఉండాలి, ఎస్‌కేయూ అంటారు. అరకిలో పాకుండలకి పాకు-500, పావుకిలోకి పాకు-250 అని పెట్టింది కోడలు.

జిల్లా ఎంచుకోమన్న చోట చిక్కొచ్చింది. జాబితాలో ఇంకా తూర్పుగోదావరే ఉంది. 2022 ఏప్రిల్లో మనం కోనసీమ జిల్లాలోకి వచ్చామని దానికి ఎవరూ చెప్పినట్టు లేరు. చివరికి పిన్ కోడు కొడితే ఒప్పుకుంది. 1972 ఆగస్టు 15న ఈ ఆరంకెల లెక్క పెట్టిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా. మొదటి మూడంకెలు 533 అంటే పాత తూర్పుగోదావరి అంతా. జిల్లాలు ముక్కలైనా ఆ అంకెలు కదల్లేదు. ఇన్ని కోట్ల రూపాయల కంపెనీలు, పార్శిలు పోతుందో పోదో, ఎన్నాళ్ళకు పోతుందో, ఎంత ఖర్చో మొదట ఈ ఆరంకెలనే అడిగి తెలుసుకుంటున్నాయి. మా డిపార్టుమెంటు ఫీజు పెట్టలేకపోయింది!

పేర్ల దగ్గర మా ఆవిడకూ కోడలికీ చిన్న తగువు. పూతరేకులు కూడా పెట్టి "ఆత్రేయపురం పూతరేకులు" అంటే బాగా వెతుకుతారని కోడలు. మా ఆవిడ పుట్టిల్లు ఆత్రేయపురం దగ్గరే, రేకు తీయడం వచ్చు. కానీ 2023లో దానికి జీఐ గుర్తింపు వచ్చింది. ఉప్పాడ జాందానీకి 2009లో వచ్చినట్టే. ఆ పేరు ఆ ఊళ్ళోవాళ్ళది, ద్రాక్షారామంలో చేసి ఆ పేరు పెట్టకూడదు. పూతరేకులే మానేశాం. పాకుండల మీద ఇంకా ఎవరి కన్నూ పడలేదు.

ధర ఎంత పెట్టాలో తేలక, మనవడు పాత వార్తొకటి చదివి వినిపించాడు. 2018లో అమెజాన్‌లో ఎవరో కొబ్బరి చిప్పని, ఉత్త చిప్పని, మూడువేలని రాసి తగ్గింపు పోను పదమూడొందలకు పైచిలుకుకి పెట్టారట. మా ఆవిడ దొడ్డివైపు చూసింది. అక్కడ పొయ్యిలోకని ఎండబెట్టిన చిప్పలు గుట్టగా పడున్నాయి. "ఆళ్ళకి పాకుండలెందుకండీ, అవే పంపండి" అంది.

డిసెంబరు 5

మొదటి ఆర్డరు! విశాఖపట్నం, అరకిలో. కోడలి ఫోను మోగగానే ఇంటిల్లిపాదీ చేరాం. బియ్యం తడిపి ఆరబెట్టి దంచిన పిండి, బెల్లం పాకం, కొబ్బరి ముక్కలు, యాలకులు. నిన్నటి వాయి సిద్ధంగానే ఉంది.

ప్యాకింగు నా వంతు. పగలకూడదని పెద్ద పెట్టె తీసుకుని చుట్టూ గాలిబుడగల కవరు పెట్టాను. పికప్‌కి వచ్చిన కుర్రాడు తూచలేదు. టేపు తీసి పెట్టె కొలిచాడు. 25 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 12 ఎత్తు. మూడూ గుణించి 5000తో భాగిస్తే వచ్చేది కిలోల్లో బరువు. 6000 బై 5000, అంటే కిలో రెండొందలు.

"బాబూ, లోపలున్నది అరకిలో" అన్నాను.

"మా లారీలో చోటు కిలో రెండొందలది తింటదండి మాస్టారూ."

వాడు చెప్పింది సబబే. బరువూ కొలతా రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. నా సర్వీసంతా తక్కెడ ముందు కూర్చున్నాను; ఇప్పుడు టేపు ముందు కూర్చోవాలి. రాత్రి అట్టలు కత్తిరించి 18, 14, 9లో పట్టేలా సరిచేశాను. 2268 బై 5000, అరకిలో లోపే.

డిసెంబరు 9

లెక్క. కొనేవాడు ఇచ్చేది 320. ప్లాట్‌ఫారం కమీషను 38 రూపాయల 40 పైసలు, ఆర్డరుకింతని స్థిరమైన ఫీజు 20, రవాణా 70. మొత్తం 128 రూపాయల 40 పైసలు. ఆ ఫీజుల మీద 18 శాతం జీఎస్టీ, 23 రూపాయల 11 పైసలు. మనకొచ్చేది 168 రూపాయల 49 పైసలు. దినుసులు, నూనె, డబ్బా, అట్ట కలిసి 140. మిగిలింది 28 రూపాయల 49 పైసలు. దంచిన పిండి జల్లెడ పట్టిన మా ఆవిడ మోచేతి నొప్పికి వెల అది.

సాయంత్రం గుడిదగ్గర చరిత్ర మాస్టారు కలిస్తే ఈ గోడు చెప్పుకున్నాను. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం వేయించి, సుంకం ముప్పైకి ఒక వంతు అన్నాడని గుర్తుచేశారు. మూడు శాతం పైచిలుకు. ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకుని కూడా రాజు తీసుకోడు, అది వర్తకుడిదే అన్న హామీ దానికి తోడు. మన గుడి గోడల మీదా స్తంభాల మీదా చెక్కినవి చాలావరకు ఇలాంటి లెక్కలేనట. అఖండదీపానికి ఫలానావారు ఇచ్చిన గొర్రెలు యాభై, రోజూ పొయ్యవలసిన నెయ్యి ఇంత. ఎవరిచ్చారు, ఏమిచ్చారు, ఎంత, ఎవరి పూచీ. ఇన్వాయిసులో ఉండేదీ అదే. కాకపోతే రాయికి రిటర్ను లేదు.

డిసెంబరు 14

రిటర్ను అనుకున్నానో లేదో, వచ్చింది. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డరు. మనిషి తలుపు తీయలేదో, వద్దన్నాడో, పార్శిలు వెనక్కి. దీన్ని ఆర్టీవో అంటారట. రవాణా ఆఫీసుకీ దీనికీ సంబంధం లేదు, రెండిటికీ మన డబ్బే ఖర్చవుతుందన్న ఒక్క పోలిక తప్ప. పోను కొన్ని రోజులు, రాను కొన్ని రోజులు. పదిహేను రోజులు నిలవుండే పాకుండలు.

కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను నవ్వాను, ఎందుకంటే ఇది నాకు పాత కథ. వీపీపీ! సరుకు పోస్టులో వస్తుంది, డబ్బు పోస్టుమాన్ చేతిలో పోసి తీసుకోవాలి. మన దేశంలో 1877లోనే పెట్టారు. మందులు, పంచాంగాలు, నవలలు, చేతి గడియారాలు అన్నీ వీపీపీలోనే. మా నాన్నగారికి రాజమండ్రి నుంచి పుస్తకాలు అలాగే వచ్చేవి. కౌంటర్లో కూర్చున్న నాకు తెలిసిన ఇంకో ముఖం కూడా ఉంది. పత్రికలో ప్రకటన చూసిన ఉత్సాహంలో కార్డు రాసేసి, తీరా పోస్టుమాన్ గుమ్మంలో నిలబడేసరికి చేతిలో డబ్బులేక "ఊళ్ళో లేడని చెప్పవే" అని లోపలినుంచి గుసగుసలాడినవాళ్ళు ఎంతమందో. "తీసుకోలేదు" అని రాసి వెనక్కి పంపేవాళ్ళం. పోనూ రానూ ఖర్చు పంపినవాడిదే. 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ పెడితే కొత్తగా కనిపెట్టినట్టు చెప్పుకున్నారు.

అయినా అది లేకపోతే ఈ దేశంలో ఈ వ్యాపారం లేదు. కళ్ళతో చూడని కొట్టుకి ముందే డబ్బు కట్టమంటే మన ఊళ్ళో ఎవరు కడతారు? నేనే కట్టను.

వెనక్కొచ్చిన పాకుండలు రుచి చూశాను. కొద్దిగా చిక్కువాసన. ఆవుకి పెట్టాం.

డిసెంబరు 17

మొదటి రివ్యూ. "చాలా బాగున్నాయి, మా అమ్మమ్మ చేసినట్టున్నాయి" అని రాసి ఒక్క చుక్క ఇచ్చారు. అయిదుకి ఒకటి! ఒకటో ర్యాంకు అనుకున్నారేమో పాపం. వెతికినప్పుడు ఎవరి సరుకు పైన కనబడాలో ఈ చుక్కలే చాలావరకు నిర్ణయిస్తాయట. రాసినవాళ్ళకు ఫోన్ చేసి "అమ్మా, అయిదు నొక్కండి" అని చెబుదామంటే నంబరు మనకివ్వరు. చీటీ మీద పేరూ చిరునామా ఉంటాయి, ఫోను మాత్రం ప్లాట్‌ఫారం దగ్గరే. తర్వాతి పెట్టెల్లో మన ఫోను నంబరు రాసిన కార్డు వేద్దామా అన్నాను. "నిబంధనల్లో వద్దన్నారండి, ఖాతా ఆపేస్తారు" అంది కోడలు. గుడి ముందు కొట్టులో నిలబడి వచ్చినవాళ్ళని "మీదే ఊరండీ?" అని అడగకూడదన్నమాట.

నలభై ఆర్డర్లు వెళ్ళాయి. నలభైమందిలో ఒక్కరు కూడా మన ఖాతాదారు కాదు.

డిసెంబరు 22, ఆదివారం

సొంత కొట్టు. పెద్దాడు పొద్దున్నుంచి కూర్చుని కట్టాడు. పేరొకచోట అద్దెకి (ఏడాదికింతని కట్టి నిలుపుకోవాలి, తెలుగు లిపిలోనే .భారత్ అని చివర ఉండేలా కూడా తీసుకోవచ్చట), ఇల్లొకచోట అద్దెకి, అంటే హోస్టింగు. లోపలి బీరువాలు, గల్లాపెట్టె, చిట్టా మాత్రం ఉచితం. 2011లో వచ్చిన వూకామర్స్ అనే సామాను. ఇవన్నీ కలిపి నెలవారీ అద్దెకిచ్చే షాపిఫై కూడా ఉంది. దాని పుట్టుక బాగుంది. కెనడాలో టోబియాస్ లుట్కే అనే కుర్రాడు మంచు మీద జారే చెక్కలు అమ్ముదామని 2004లో ఆన్‌లైన్ కొట్టు పెట్టబోయాడు. దొరికిన సామాను నచ్చక తనే రాసుకున్నాడు. చివరికి 2006 నుంచి ఆ సామానునే అమ్మడం మొదలెట్టాడు. అరిసెలు అమ్మబోయి అరిసెల చెక్కలు అమ్ముకున్నట్టు.

లెక్క చూస్తే నోరూరింది. 320లో గేట్‌వేకి రెండు శాతం, దాని మీద పన్ను, అంతా కలిపి ఏడున్నర. రవాణా మనం పెట్టుకున్నా ఎంతో మిగులుతుంది. కొన్నవాళ్ళ పేరు, ఫోను, ఊరు అన్నీ మన చిట్టాలో.

పెద్దాడు ఒకచోట ఎర్రక్షరాలతో "ఇంకా 3 మాత్రమే ఉన్నాయి" అని పెట్టాడు. వంటింట్లో రెండు డబ్బాలు నిండుగా ఉన్నాయి. అలా ఎందుకురా అంటే అందరూ పెడతారన్నాడు. 2023 నవంబరులో కేంద్రం ఇలాంటి 13 రకాల మాయల్ని నిషేధించింది, లేని తొందర పుట్టించడం వాటిలో మొదటిదే. అడక్కుండా బుట్టలో అదనపు సరుకు దూర్చడం ఇంకొకటి. తీయించాను. నా పేరుతో ఉన్న కొట్టులో అబద్ధం బోర్డు కట్టనివ్వను. ఫిర్యాదులు చూసే మనిషి పేరు కూడా సైట్లో పెట్టాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పి, నెలలో తేల్చాలి. 2020 నిబంధనలు. ఆ ఉద్యోగం నాకిచ్చారు.

జనవరి 3, 2025

సొంత కొట్టు తెరిచి పన్నెండు రోజులు. వచ్చి చూసినవాళ్ళ లెక్క సైటే చెబుతుంది. మొదటి వారం ముగ్గురు. పెద్దాడు, కోడలు, నేను. సందులో అరుగు!

ఇవాళ మాత్రం ఒకడు ఫోన్ చేశాడు. మిలిటరీ క్యాంటీనుకి ఇరవై కిలోలు కావాలి, అడ్వాన్సు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ను కొట్టండి, డబ్బు పడుతుంది అన్నాడు. కోడలు కొట్టబోయింది. ఫోను లాక్కున్నాను. డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు. పిన్ను కొట్టామంటే డబ్బు మన దగ్గర్నుంచి పోతోందనే అర్థం. పిన్ కోడు ఊరంతటికీ చెప్పొచ్చు, యూపీఐ పిన్ను పెళ్ళానికి కూడా చెప్పకూడదు. (మా ఆవిడ ఇది చదవదు.)

రాత్రి కోడలు చిన్నాడి స్నేహితుల వాట్సాప్ గ్రూపుల్లో సైటు లింకు పెట్టింది. జీఎస్టీకి దరఖాస్తు కూడా పెట్టింది. ఫీజేమీ లేదు. నంబరొచ్చాకే హైదరాబాదు.

ఇంకో దారి గురించి పెద్దాడు చెప్పాడు. ఓఎన్‌డీసీ. 2021 చివరి రోజున కంపెనీగా నమోదైంది. కొనేవాడు ఏ యాప్‌లో ఉన్నా, అమ్మేవాడు ఇంకే యాప్‌లో ఉన్నా సరుకు కనబడాలి, కొనగలగాలి. ఇది వాడికి అర్థం చేసుకోవడం కష్టంగా ఉంది, నాకు కాలేదు. 1874లో బెర్నులో దేశాలు కూర్చుని పోస్టల్ యూనియన్ కట్టుకున్నది ఇందుకే. ద్రాక్షారామంలో మన స్టాంపు అంటించి డబ్బాలో వేసిన ఉత్తరం లండన్లో వాళ్ళ పోస్టుమాన్ ఇస్తాడు, మళ్ళీ డబ్బు అడగడు. పెట్టెలు వేరు, సంచీ ఒకటి. దేశాలు ఒప్పుకున్నంత తేలిగ్గా కంపెనీలు ఒప్పుకుంటాయా, చూడాలి.

జనవరి 9

ఊపిరాడ్డం లేదు. ప్లాట్‌ఫారం నుంచి రోజుకి పదిహేను. కొరియరువాళ్ళు 11 తర్వాత ఇచ్చినవి పండక్కి అందవన్నారు. అదే మాట సైటు మీద పెద్దక్షరాలతో పెట్టించాను. ఇది నిజమైన తొందర, పెట్టొచ్చు. మా ఆవిడకు తోడు పక్కింటి వదినగారు, ఆవిడ చెల్లెలు. రోజు కూలి, పైన ఒక డబ్బా.

మనవడు భోగిపిడకల దండ కూడా ఆన్‌లైన్‌లో ఉందని చూపించాడు. పిడకలు అమెజాన్‌లో బాగా పోతున్నాయని 2015లోనే పేపర్లో పడింది. మా వీధి పిల్లలు మాత్రం ఇంకా గొడ్లసావిళ్ళ చుట్టూ తిరిగి పేడ ఏరుతున్నారు.

జనవరి 15, కనుమ

ఇవాళ బండి కదలకూడదు అంటారు. కొరియరు బండి కదిలింది.

ఆర్డరు చూసి కోడలు నన్ను పిలిచింది. చిరునామా మన ఊరే! మన వీధే! మా ఇంటికి నాలుగిళ్ళ అవతల అద్దెకి కొత్తగా దిగిన బ్యాంకు ఉద్యోగి. ప్లాట్‌ఫారంలో "పాకుండలు" అని వెతికి కొన్నాడు. మా వంటింట్లోంచి వస్తున్న వాసన అదేనని ఆయనకి తెలియదు.

"నేనే ఇచ్చి వస్తానమ్మా, రెండు నిమిషాలు" అన్నాను.

"కుదరదండీ మావయ్యగారూ. చీటీ స్కాన్ అవ్వాలి. వాళ్ళ చేతి మీదుగా వెళ్తేనే డెలివరీ అయినట్టు. లేకపోతే డబ్బు రాదు."

మధ్యాహ్నం కుర్రాడొచ్చి తీసుకెళ్ళాడు. రాత్రి ఫోన్లో చూస్తే పార్శిలు రామచంద్రపురం దాటింది. పెద్దాడు చూసి, పెద్ద గోడౌనుకి చేరాక అక్కడ పిన్ కోడు చూసి వేరుచేసి మళ్ళీ ఇటే పంపుతారన్నాడు.

జనవరి 18

పొద్దున్నే అరుగు మీద పేపరు చదువుతున్నాను. అదే కుర్రాడు, అదే పెట్టె. నేను కట్టిన అట్ట, నేను వేసిన టేపు. మా గుమ్మం ముందునుంచే నడిపాడు.

"బాగున్నారాండి మాస్టారూ!"

"ఏరా, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందిరా అది?"

"ఏమోనండి. రాజమండ్రి వరకూ నాకు తెలుసు."

నాలుగిళ్ళ అవతల తలుపు కొట్టాడు. బ్యాంకాయన లుంగీలో బయటికొచ్చి ఓటీపీ చెప్పి పెట్టె తీసుకున్నాడు. ఒక్క క్షణం పెట్టె మీది చీటీలో పంపినవారి చిరునామా చదివాడు. తలెత్తి వీధిలో ఇటూ అటూ చూశాడు. నేను పేపరు దించి చెయ్యి ఊపాను.